రెండుసార్లు ఎంటర్

బస్టాండులో రెండో ప్లాట్‌ఫారం పక్కనున్న మెట్లు దిగితే, ఎండ గడప దాకా వచ్చి ఆగిపోయే గది ఒకటుంది. తలుపు మీద 'పోయిన వస్తువుల కార్యాలయం' అని రాసి ఉంటుంది గాని లోపల ఉన్నవన్నీ దొరికిన వస్తువులే. పోయింది మనుషులు అంటుంది ఎంటరమ్మ. గొడుగు ఎక్కడికీ పోలేదు, అరలో బుద్ధిగా కూర్చునే ఉంది. దాన్ని వదిలేసి దిగిపోయినవాళ్ళే ఏమయ్యారో తెలియదు.

ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఒకటో కౌంటరులో కూర్చుని, కండక్టర్లు తెచ్చిచ్చిన ప్రతి వస్తువు వివరాలూ కంప్యూటరులో రాసి, చివర ఎంటర్ మీటను మేకు దిగేసినట్టు కొడుతుంది. టప్, టప్. ఎప్పుడూ రెండు దెబ్బలు. ఆ అదురుకి పక్క కౌంటరులో టీ గ్లాసు కదులుతుంది.

రెండు దెబ్బలకీ కారణముంది. పాత తెర మీద అన్నిటికంటే చివర నింపాల్సిన గడి, వస్తువు తాలూకు మనిషి ఫోన్ నంబరు. దొరికిన సంచికి ఫోన్ నంబరు ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని ఖాళీ గడి దాటడానికి ఒక ఎంటరు, వస్తువును అరలో భద్రపరచడానికి ఇంకో ఎంటరు. నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు. ఆమె తెర వైపు చూసేదే కాదు. కండక్టరుతో వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతూనే వేళ్ళు తమ దారిన తాము పోయేవి, సాయంత్రం ఇంటిదారి పట్టిన పశువుల్లా.

ఆ తెర అడుగున 'ఇతర విషయాలు' అని పొడుగాటి గీత ఒకటి ఉండేది. ఎంటరమ్మ పనితనమంతా ఆ గీత మీదే. 'నల్ల గొడుగు. పిడి మీద పంటిగాట్లు. పసిపిల్లలున్న ఇల్లు.' 'ఎడమకాలి చెప్పు. మడమ లోపలివైపే అరిగింది. మనిషి కుంటుతారేమో, మెట్లు దిగలేకపోతే మనమే పైకి తీసుకెళ్ళి ఇవ్వాలి.' ఇలా రాసేది. రెండు నెలల తరవాత ఎవరో వచ్చి గొడుగు పోయిందంటే, "ఇంట్లో పిల్లలున్నారా?" అని అడిగి, 'పంటి' అని కొట్టేది. గొడుగు ఎక్కడుందో తెర మీద ప్రత్యక్షం.

మూడు నెలలు ఎవరూ అడగని వస్తువులు బుధవారం సాయంత్రం వ్యానెక్కి ఊరి చివర గోదాముకు పోతాయి. శుక్రవారం ఉదయం వాటిని అక్కడ విడదీస్తారు. బట్ట ఒక తొట్టిలో, ఇనుము ఒక తొట్టిలో, తోలు ఇంకో తొట్టిలో. బుధవారం వచ్చిందంటే ఎంటరమ్మకు అన్నం సయించదు. చిన్నప్పుడు వాళ్ళక్క బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. తిరిగి ఊళ్ళో బస్సు దిగలేదు. జ్వరమని కబురొచ్చింది, ఆ తరవాత ట్రంకుపెట్టె ఒక్కటే వచ్చింది. అందుకేనేమో, వ్యానెక్కే ప్రతి వస్తువునూ ఆమె ఒకసారి చేత్తో తాకి పంపుతుంది.

అలాంటి ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది.

ఒక సోమవారం, పెద్దాఫీసు హాల్లో అరవైమందిని కూర్చోబెట్టారు. గోడమీద ఒకటే తెర. రెండు గంటలు, మధ్యలో టీ. నేర్పడానికి వచ్చినాయన మెడలో గుర్తింపు కార్డు, నోట్లో చిరునవ్వు. "చాలా సులువండీ. చూస్తే చాలు, వచ్చేస్తుంది" అన్నాడు.

"నాకు ఆవులింత వచ్చేసింది" అని గొణిగింది రెండో కౌంటరు అమ్మాయి. ఆమె వేళ్ళ వేగం చూసి అందరూ మెరుపు అంటారు. చివర అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారు. 'శిక్షణ పూర్తయినది.'

మంగళవారం పొద్దున తెర తెల్లగా, పెళ్ళిపందిరిలా రంగురంగుల బొమ్మలతో వెలిగిపోతోంది. ఎక్కడ ఏముందో మాత్రం దాన్ని చేసినవాడికే ఎరుక. 'ఇతర విషయాలు' గీత లేదు. దాని బదులు ఒక జాబితా: బట్ట, లోహం, తోలు, కాగితం, యంత్రం, ఇతరములు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. పంటిగాట్లకు అందులో చోటు లేదు.

రెండు నిమిషాల పని పది నిమిషాలైంది. క్యూ మెట్లెక్కి ప్లాట్‌ఫారం మీదికి పోయింది. "అమ్మా, వెతుకుతున్నది నా సంచీనా, మీ మీటనా?" అని వెనకనుంచి ఎవరో ఎత్తిపొడిస్తే వరసంతా నవ్వింది. ఎంటరమ్మ కూడా నవ్వబోయి, మళ్ళీ మీట కోసం తెరంతా వెతికింది.

ఆమెను తినేసిన సంగతి వేరే ఉంది. మిగిలినవాళ్ళందరూ బాగానే ఉన్నారు. మెరుపు కిక్కురుమనకుండా పని చేసుకుపోతోంది, మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని హాయిగా బయటికి వెళ్ళొస్తోంది. సూపరింటెండెంటు గారు మూడింటికి గది తలుపేసుకుని నాలుగింటికి తీస్తున్నారు, నిశ్చింతగా ఓ కునుకు తీస్తున్నారని అందరూ అనుకునేవారు. సామాను గది తాళాలు చూసే తాళాలన్నయ్య ఎప్పటిలాగే కూనిరాగాలు తీస్తున్నాడు. తుప్పు పట్టింది నాకొక్కదానికే అనుకుంది ఎంటరమ్మ. ఎవరికీ చెప్పకుండా రోజూ నలభై నిమిషాలు ముందొచ్చి, తెర ముందు కూర్చుని బొమ్మలు నొక్కి చూసుకునేది. అప్పటికీ దిగులు తీరక ఒక ఆదివారం కాగితం తీసి, రిటైర్మెంటుకు నాలుగేళ్ళ ముందే ఉద్యోగం మానుకుంటానని అర్జీ రాసి చేతిసంచిలో పెట్టుకుంది. తేదీ మాత్రం వేయలేదు.

నాలుగో వారం గురువారం మధ్యాహ్నం, డ్యూటీ బట్టల్లోనే ఒక నర్సు వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నిద్రలేని కళ్ళు.

"మొన్న మంగళవారం, పద్నాలుగో నంబరు బస్సులో గుడ్డసంచి మర్చిపోయానమ్మా. అందులో స్వెట్టరు ఉంది. సగమే అల్లింది. సూదులు కూడా దానికే ఉన్నాయి."

ఆ సంచిని ఎంటరమ్మ తన చేతుల్తో తీసుకుంది! కాఫీపొడి రంగు ఊలు. ఒక సూది ఆకుపచ్చ, ఒకటి బూడిదరంగు, జత కుదరని సూదులు. సూదికి చుట్టుకున్న దారపు ఉచ్చులు, ఆ కళ్ళు, వరసగా పిట్టల్లా కూర్చుని ఉన్నాయి. 'సూది లాగితే అల్లిక ఊడిపోతుంది, జాగ్రత్త' అని రాద్దామని గీత కోసం వెతికి, అది లేక 'ఇతరములు' నొక్కింది.

"మీరే అల్లుతున్నారా?"

"నాకు రాదమ్మా. మా అమ్మ అల్లింది. ఆ వరస మధ్యలో లేచి మంచినీళ్ళు తాగుతానని వెళ్ళింది..." నర్సు ఆగింది. "నెలైంది. దాన్ని ఎవరిచేతనైనా పూర్తి చేయిద్దామని పట్టుకెళ్తూ బస్సులో కునుకు తీశాను. వార్డులో అందరి మాత్రలూ గుర్తుంటాయి, అది ఒక్కటీ మర్చిపోయాను చూడండి."

"ఉందమ్మా, ఉంది. నా చేతుల్తో తీసుకున్నాను." ఎంటరమ్మ వెతికింది. తెర 'దొరకలేదు' అంది. మళ్ళీ వెతికింది. మళ్ళీ అదే మాట. లేచి అరల దగ్గరికి వెళ్ళింది. మంగళవారం అరలో రెండు హెల్మెట్లు, ఒక ఫ్లాస్కు ఉన్నాయి. అంతే.

"అన్నయ్యా, గుడ్డసంచి, ఊలు స్వెట్టరు..."

తాళాలన్నయ్య జేబులోంచి మడతలు పెట్టిన జాబితా తీశాడు. "నిన్న వ్యానులో పోయిందిగా. నువ్వే పంపమన్నావు."

"నేనా! వచ్చింది మొన్ననేగా? మూడు నెలలు ఉంచాలిగా?"

"కొత్త రూలేమో అనుకున్నానమ్మాయ్. మూడు వారాలనుంచీ నిన్నమొన్నటివి కూడా లిస్టులో వస్తున్నాయి. కంప్యూటరు చెప్పాక నేనెవర్ని?"

ఆ మూడు వారాల జాబితాలూ కలిపి చూస్తే ఒకటో కౌంటరు పేరుమీద నలభై మూడు వస్తువులున్నాయి. ఎంటరమ్మ తన కుర్చీలో కూర్చుని, ఊరికే ఒక గొడుగు వివరాలు రాసి, ఈసారి తెరనే చూస్తూ మీట నొక్కింది. కొత్త తెరలో ఫోన్ నంబరు ఖాళీగా వదిలేస్తే కర్సరు తిన్నగా 'గోదాముకు పంపు' అన్న బొమ్మ మీదికి వెళ్ళి నిలబడుతోంది. నంబరు లేదంటే మనిషి లేడనేగా అని దాన్ని చేసినవాడు అనుకుని ఉంటాడు. మొదటి ఎంటరుకి 'ఖాయమేనా?' అని రెప్పపాటు అడుగుతోంది. రెండో ఎంటరుకి 'సరే' అంటోంది.

టప్, టప్. ఇరవై ఆరేళ్ళ అలవాటు. కొత్త తెర వచ్చాక క్యూ వదిలి వ్యాను దగ్గరికి వెళ్ళే తీరికే లేక, నలభై మూడు వస్తువుల్ని తాకనైనా తాకకుండా తనే బస్సెక్కించేసింది.

అప్పుడే చెప్పేయాల్సింది. లేచి సూపరింటెండెంటు గారి తలుపు కొట్టాల్సింది. టైము మూడుంపావు, తలుపు వేసి ఉంది. మెరుపు తలొంచుకుని పని చేసుకుంటోంది. "రేపు సాయంత్రం రండమ్మా, వెతికిస్తాను" అంది నర్సుతో. అబద్ధం కాదు గాని నిజమూ కాదు. నర్సు తలూపి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళే వీపును ఎంటరమ్మ కనిపించినంత దూరం చూసింది.

ఆమె భర్త దర్జీ. వీధిలోకి తెరుచుకునే ముందుగదే ఆయన దుకాణం. సాయంత్రం ఆమె వచ్చేసరికి మిషను మీద పరదా అంచు కుడుతున్నాడు. ఎంటరమ్మ చెప్పులు విప్పకుండానే స్టూలు మీద కూలబడింది.

"ఏమైంది? మొహం అలా ఉందేం?"

చెప్పింది. మొత్తం చెప్పింది. సంచిలోంచి అర్జీ కూడా తీసి చూపించింది. "రేపు ఆ స్వెట్టరు దక్కకపోతే దీనిమీద తేదీ వేసి ఇచ్చేస్తానండీ. ఒక తల్లి చివరి వరసను చెత్తలో పారేశాక ఇంక ఆ కుర్చీలో ఎలా కూర్చోను?"

ఆయన కుట్టు ఆపలేదు. "నా కాళ్ళు చూడు" అన్నాడు.

చూసింది. మోటారు మిషను కొని పదకొండేళ్ళయింది. తొక్కాల్సిన పని లేదు, కుడిపాదంతో మీట నొక్కితే చాలు. అయినా ఆయన ఎడమపాదం ఖాళీ నేలను తొక్కుతూనే ఉంది. కిందికీ పైకీ, కిందికీ పైకీ.

"మోటారు వచ్చిన కొత్తలో వేలు కుట్టేసుకున్నాను, గుర్తుందా?"

"తలుపు సందులో పడిందన్నారు కదా?"

"నీకూ అదే చెప్పాను, ఎదురు కొట్టువాడికీ అదే చెప్పాను. వాడి వేలికీ కట్టుంది. ఏంట్రా అంటే, కూరగాయలు కోస్తుంటే తెగిందన్నాడు. ఇద్దరం ఒకే నెలలో ఒకే కంపెనీ మిషను కొన్నాం. ఇద్దరికీ ఒకే వేలు." ఆయన నవ్వాడు. "వాడు కూరగాయలు కోసే రకమా? వాళ్ళావిడకే తెలుసు. తేలు కుట్టిన దొంగల్లా మూణ్ణెల్లు ఒకరి కట్టు ఒకరం చూసుకుంటూ తిరిగాం. వాడు చెప్పుంటే నాకు రెండోసారి గుచ్చుకునేది కాదు. నేను చెప్పుంటే వాడి గోరు ఊడేది కాదు."

"ఇప్పుడేం చేయమంటారు?"

"రేపు పొద్దున్నే కట్టు విప్పి చూపించు. అర్జీ సంగతి తరవాత. ముందా స్వెట్టరు."

శుక్రవారం ఆఫీసు తెరిచేసరికి ఎంటరమ్మ తన కౌంటరు ముందు, బయటివైపు నిలబడి ఉంది. సూపరింటెండెంటు గారు గొడుగు ముడుస్తూ మెట్లు దిగారు. తాళాలన్నయ్య, మెరుపు అప్పటికే ఉన్నారు.

"అందరూ ఉన్నారు కాబట్టి ఒకేసారి చెప్తాను సార్, రెండుసార్లు చెప్పే ధైర్యం లేదు" అంది. "మూడు వారాల్లో నలభై మూడు వస్తువుల్ని పొరపాటున గోదాముకు పంపించేశాను. రెండుసార్లు ఎంటరు కొట్టే అలవాటు. ఒక సంచి ఇంకో గంటలో విడదీసేస్తారు. నన్ను తిట్టడానికి సాయంత్రం దాకా టైముంది, ముందు వ్యాను ఇప్పించండి."

అప్పుడు మెరుపు తన కీబోర్డును రెండు చేతులతో ఎత్తి తిరగేసి చూపించింది. అడుగున అంటించిన చీటీ మీద ఎర్రసిరాతో రాసి ఉంది: 'ఎంటర్ కొట్టకు. చచ్చినా కొట్టకు.'

"నేను రెండో వారంలో కనిపెట్టానక్కా" అంది. కళ్ళెత్తలేదు. "నావి పన్నెండు పోయాయి. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెళ్ళేది భోజనానికి కాదు. గోదాముకు బస్సులో వెళ్ళి, నావి ఏరుకుని, చిన్నవైతే డబ్బాలో పెట్టుకొచ్చి అరల్లో సర్దేసేదాన్ని."

"మరి నాకు చెప్పలేదేమే!"

"నువ్వేమో రోజూ నాకంటే ముందొచ్చి టకటకా పనిచేసుకుంటున్నావ్. నీకు అన్నీ వచ్చనుకున్నా. నన్ను మెరుపు అంటారుగా, మెరుపుకి రాలేదంటే నవ్వరూ?"

"నన్నెవరూ ఆ హాలుకి పిలవనే లేదు" అన్నాడు తాళాలన్నయ్య. "తాళాలకి ట్రైనింగేంటన్నారు. లిస్టులో తేడా ఉందని తెలుస్తూనే ఉంది. అడిగితే, ముసలాడికి ఇదీ తెలీదంటారని నోరు మూసుకున్నా. కూనిరాగం తీస్తే సంతోషంగా ఉన్నట్టా ఏంటి?"

అందరూ సూపరింటెండెంటు గారి వైపు చూశారు. ఆయన దగ్గారు. తన గది తాళం తీసి, లోపలి బీరువా తలుపు తెరిచారు. అందులో పాత దుప్పటి కప్పి ఉన్న కంప్యూటరు. దుప్పటి తీసి మీట నొక్కారు. నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు.

"పారేయమని రాశారు. చేతులు రాలేదు" అన్నారాయన. "కొత్తదాంట్లో దొరకని పాత వస్తువుల్ని రోజూ గంటసేపు దీంట్లో వెతికి పెడుతున్నాను."

"మీరు నిద్రపోతున్నారనుకున్నాం సార్" అంది మెరుపు.

"అనుకోనిచ్చాను. చేతకాలేదనడం కంటే నిద్రపోయాడనడమే నయం కదమ్మా." ఆయన వ్యాను తాళాలు తీసి అన్నయ్య వైపు విసిరారు. "నడవండి. కౌంటరు నేను చూస్తాను. క్యూ వాళ్ళు తిడితే నాకు అలవాటే, ఇంట్లో ప్రాక్టీసుంది."

గోదాములో అప్పటికే పని మొదలైంది. పొడవాటి రేకుల కొట్టంలో తొట్లు వరసగా ఉన్నాయి. ఎంటరమ్మ తిన్నగా లోహాల తొట్టి దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. గొడుగు ఊచలు, గిన్నె మూతలు, తాళంచెవులు. వాటి మధ్య ఒక ఆకుపచ్చ సూది. దాని పక్కనే బూడిదరంగుది.

ఒక్క పూట. నిన్న మధ్యాహ్నమే ఆ తలుపు కొట్టి ఉంటే. ఆ సూదుల్ని ఏరి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"దేనికోసమమ్మా?" అని బట్టల కుప్ప దగ్గర పీట మీద కూర్చున్న పెద్దావిడ అడిగింది. తలకు తుండు చుట్టుకుని ఉంది.

"కాఫీపొడి రంగు స్వెట్టరు, పెద్దమ్మా. సగం అల్లింది. ఈ సూదులు దానివే. ఊడిపోయి ఉంటుంది ఈపాటికి."

"ఎందుకు ఊడిపోద్ది, నేనుండగా?" పెద్దావిడ పక్కనున్న అట్టపెట్టెలోంచి జాగ్రత్తగా తీసింది. సూది ఉండాల్సిన చోట రెండు చీపురుపుల్లలు, ఒకదాని వెనక ఒకటి, దారపు కళ్ళ గుండా దూరి ఉన్నాయి. పుల్లల కొసలకు గుడ్డపీలికలు ముడేసి ఉన్నాయి. "సూదులు తియ్యాలి, అది రూలు. ఇనుము ఇనుములోకే పోవాలి. కాని పుల్ల పెట్టకూడదని రూలేం లేదుగా? ఎవరో కూర్చుని అల్లుకున్నది. కళ్ళు జారితే మళ్ళీ పడతాయా? అక్కడికీ మూడు జారిపోయాయమ్మా, నా చూపు ఆనక."

ఎంటరమ్మ ఆవిడ పక్కన నేలమీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో మెరుపుకి అర్థం కాలేదు.

"ఇది ఎవరు నేర్పారు పెద్దమ్మా మీకు?" అంది చివరికి.

"నేర్పేదేంటి? పదేళ్ళనుంచి చూస్తున్నా. చూస్తుంటే చెయ్యికి తెలుస్తది."

తెచ్చుకోగలిగినవన్నీ వ్యానులోకి ఎక్కించారు. నలభై మూడిట్లో ఇరవై ఆరు దొరికాయి. మిగిలిన పదిహేడూ పాత వారాల్లోనే విడిపోయాయి. ఒక పిల్లాడి స్కూలు చొక్కా, ఎవరివో అరిగిపోయిన తోలుపర్సు, ఇంకా ఏవేవో. వాటి పేర్లు ఒక్కొక్కటీ రాసుకుంది ఎంటరమ్మ, ఎవరైనా అడగడానికి వస్తే నిజం చెప్పడానికి.

సాయంత్రం నర్సు వచ్చింది. ఎంటరమ్మ కౌంటరు మీద తెల్లకాగితం పరిచి దాని మీద స్వెట్టరు పెట్టింది. పక్కన రెండు సూదులు.

"తప్పు నాదమ్మా. కొత్త తెర, పాత చెయ్యి. నిన్నే చెప్పాల్సింది, చెప్పలేదు. మూడు కళ్ళు జారిపోయాయి. ఈ పుల్లలు పెట్టి నిలబెట్టింది నేను కాదు, గోదాములో ఒక పెద్దావిడ."

నర్సు పుల్లల మీద వేలు పెట్టి ఒక కొస నుంచి రెండో కొస దాకా మెల్లిగా నడిపింది. జారిన మూడు చోట్లా ఆగింది. 

తరవాత తన ఎడమచెయ్యి చాపి అరచెయ్యి తిప్పింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా పెన్నుతో రాసిన గుర్తులు. "మా వార్డుకి కూడా కొత్తది వచ్చిందమ్మా. మందులు ఏ పేజీలో ఉన్నాయో, ఏది నొక్కాక ఏది నొక్కాలో... పేషంట్లకు కనబడకుండా చేతిమీద రాసుకుంటున్నాం. డ్యూటీ అయ్యాక కూడా గంట కూర్చుని నేర్చుకుంటున్నాం. ఆ రోజు బస్సులో నిద్రపట్టింది అందుకే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది నర్సే.

"దీన్ని ఎవరికీ ఇవ్వనమ్మా. నేనే నేర్చుకుని అల్లుతాను. ఆ మూడూ అలాగే ఉండనీ."

"రెండు గంటల్లో వచ్చేస్తుందిలే, చూస్తే చాలట" అంది వెనకనుంచి మెరుపు. ఈసారి నవ్వెందుకో తెలియకపోయినా క్యూ మొత్తం నవ్వింది.

నర్సు వెళ్ళాక సూపరింటెండెంటు గారు పెద్దాఫీసుకు పంపాల్సిన నివేదిక బల్ల మీద పెట్టారు. 'శిక్షణకు పట్టిన సమయం' అన్న గడిలో ఆయన ఎప్పుడో రాసిన 'రెండు గంటలు' ఉంది. దాన్ని కొట్టేశారు.

"ఇప్పుడు నిజం చెప్పండి. ఎవరు ఎంతసేపు?"

ఎంటరమ్మ పొద్దుటి నలభై నిమిషాలు, మెరుపు మధ్యాహ్నాలు, అన్నయ్య అనవసరంగా ఎత్తిదించిన బరువులు, ఆయన మూసిన తలుపు వెనక గంటలు. చెప్తున్నకొద్దీ రాస్తూనే ఉన్నారు.

"మరి క్యూలో నిలబడ్డవాళ్ళది, సార్?" అంది ఎంటరమ్మ. "పోయిన పదిహేడు వస్తువులవాళ్ళది?"

"దానికి గడి లేదమ్మా."

ఎంటరమ్మ స్కేలు తీసుకుని ఆ కాగితం అడుగున పొడుగాటి గీత గీసింది. పైన 'ఇతర విషయాలు' అని రాసింది. గీత చాల్లేదు. సంచిలోంచి తన అర్జీ తీసి, వెనక్కి తిప్పి, ఖాళీవైపు మిగతాదంతా రాసి నివేదికకు గుండుసూదితో గుచ్చింది.

"ముందువైపు కూడా ఏదో ఉన్నట్టుందే?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"తేదీ లేని కాగితం సార్. చెల్లదు."

పదిరోజుల తరవాత, నేర్పడానికి వచ్చిన ఆ మెడలో కార్డాయనే మళ్ళీ వచ్చాడు. ఈసారి హాల్లో కాదు, ఎంటరమ్మ కుర్చీలో మూడు రోజులు కూర్చున్నాడు. మొదటిరోజు క్యూలోంచి ఎవరో ఎత్తిపొడిచేసరికి చెమట్లు పట్టాయి. "నిజం చెప్పాలంటే నేనూ ఆ సోమవారానికి ముందురోజే నేర్చుకున్నానండీ" అన్నాడు నీళ్ళు తాగుతూ. మూడోరోజు వెళ్తూ వెళ్తూ ఆ చీపురుపుల్లల కథ ఇంకోసారి చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నాడు.

అన్నీ బాగుపడ్డాయని కాదు. వెతకడం ఇప్పటికీ నిదానమే. బొమ్మలు ఇప్పటికీ ఎక్కువే. కాని రోజూ పొద్దున అరగంట కౌంటరు మూసి, నలుగురూ ఒకే తెర ముందు కూర్చుని ఒకరికి తెలిసింది ఒకరికి చూపించుకుంటున్నారు. తాళాలన్నయ్య కూడా కుర్చీ లాక్కుంటున్నాడు. ఆయన చెప్పి మార్పించడంతో తెర అడుగున గీత తిరిగొచ్చింది, కాస్త పొట్టిది. పొట్టి గీతలో పంటిగాట్లు పట్టించడం ఎంటరమ్మ నేర్చుకుంటోంది.

మొన్న బుధవారం కండక్టరు ఒక పసిపిల్ల టోపీ తెచ్చిచ్చాడు. ఎంటరమ్మ వివరాలు రాస్తూ, ఆయన కూతురు పరీక్షల సంగతి అడుగుతూ, టప్, టప్ అని కొట్టేసింది. పక్కన టీ గ్లాసు కదిలింది. మెరుపు ఉలిక్కిపడి చూసింది.

తెర ఈసారి రెండో ఎంటరుకి 'సరే' అనలేదు. ఇంత పెద్ద అక్షరాలతో అడిగింది: 'ఈ వస్తువును నిజంగా పంపించేయాలా?'

"వద్దు నాయనా, వద్దు" అంది ఎంటరమ్మ పైకే. 'వద్దు' మీద వేలు మెత్తగా ఆనించి, టోపీని తీసుకెళ్ళి అరలో పెట్టింది.